కుండను బోర్లించి చూడండి

మీ ఇంట్లో ఉన్న వస్తువుల్లో, వాటిని చేసిన మనిషి ఎవరో మీకు తెలిసినవి ఎన్ని? షోకేసు వెతకండి. వంటగది వెతకండి. ఎంతకు కొన్నామో గుర్తుంటుంది, ఏ యాప్‌లో కొన్నామో గుర్తుంటుంది, డిస్కౌంట్ ఎంతొచ్చిందో ఇంకా బాగా గుర్తుంటుంది. చేసినవాళ్ల సంగతి అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం.

ఈ అలవాటు నుంచి బయటపడటానికి నాకు తెలిసిన దగ్గరిదారి మట్టిపాత్రల సేకరణ. ఫ్యాక్టరీ అచ్చుల్లో పోసినవి వదిలెయ్యండి. ఏ వెయ్యేళ్లనాటి పద్ధతినో పట్టుకుని ఈనాటి కుమ్మరులు చేత్తో చేస్తున్నవాటిని వెతకండి. డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేయకండి. మల్టీప్లెక్సులో ఇద్దరు సినిమా చూసే ఖర్చుతో మన ఊరి కుమ్మరి దగ్గర మంచి కూజా ఇవాళ్టికీ దొరుకుతుంది. మట్టిపాత్రను సరిగ్గా ఎంచుకోవడం నేర్చుకున్నవాడికి నిదానంగా చూడటం, సిగ్గుపడకుండా అడగటం వాటంతటవే వస్తాయి. ఆ రెండూ వచ్చినవాడి నడవడి ఆఫీసులోనూ ఇంట్లోనూ వేరుగా ఉంటుంది.

ఎవరు చేశారు?

1976. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం, డెమింగ్ పట్టణం. స్పెన్సర్ మెకల్లమ్ అనే ఆంత్రోపాలజిస్టు ఒక పాత సామాన్ల కొట్లోకి వెళ్లాడు. మూడు కుండలు ఆయన కంటపడ్డాయి. గోడలు పలచన. పైన సన్నసన్నని గీతలతో నగిషీ. ఆ నగిషీ చూస్తే ఎప్పుడో పాడుబడిన పాకిమే నగరపు కుండలు గుర్తొస్తాయి. కానీ ఇవి కొత్తవి. అడుగున సంతకం లేదు. చేసిందెవరో కొట్టువాళ్లు చెప్పలేకపోయారు.

ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? బేరమాడి కొంటాం, తెచ్చి హాల్లో పెడతాం, ఇంటికొచ్చినవాళ్లకు చూపిస్తాం. మెకల్లమ్ కూడా కొన్నాడు. కొని, వాటి ఫొటోలు పట్టుకుని సరిహద్దు దాటి మెక్సికో వెళ్లాడు. కనిపించినవాళ్లకల్లా ఫొటోలు చూపించి, ఇవి చేసిందెవరని అడుగుతూ పోయాడు. అలా అడుగుతూ అడుగుతూ చివావా రాష్ట్రంలోని మాతా ఓర్తీస్ అనే పల్లెలో హువాన్ కెసాదా ఇంటికి చేరాడు.

పాకిమే ఆ పల్లెకు దగ్గర్లోని శిథిల నగరం. సుమారు 1200 నుంచి 1450 వరకు బాగా వెలిగింది. అంతస్తుల మట్టి మేడలు, నీళ్లు పారే కాలువలు, రంగురంగుల మకా చిలుకలను పెంచడానికి కట్టిన గూళ్లు అక్కడ బయటపడ్డాయి. ఆ చిలుకలూ, కొమ్ములున్న సర్పాలూ అక్కడి కుండలమీద ఎరుపు నలుపు రంగుల్లో కనిపిస్తాయి. 1958 నుంచి 1961 వరకు పురావస్తు పరిశోధకుడు చార్ల్స్ డి పెసో అక్కడ పెద్దఎత్తున తవ్వకాలు జరిపాడు. 1998లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నగరం పాడుబడ్డాక దాని కుండల విద్య కూడా పోయింది. శతాబ్దాలపాటు ఆ పని తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

ఎలా చేశారు?

హువాన్ 1940లో పుట్టాడు. బడిచదువు చిన్నప్పుడే ఆగిపోయింది. గాడిదను తోలుకుని కొండలకు పోయి కట్టెలు తెచ్చేవాడు. ఆ కొండల్లో రంగులద్దిన పాత కుండపెంకులు దొరికేవి. ఆ పిల్లవాడు వాటిని చూసి ముచ్చటపడి ఊరుకోలేదు. ఇలాంటిది ఎలా చేశారో కనుక్కోవాల్సిందేనని పట్టుబట్టాడు. నేర్పే గురువు లేడు, చూసి నేర్చుకునే పుస్తకం లేదు. మట్టి తెచ్చి చేస్తే బీటలిచ్చింది. అప్పుడు పెంకులు విరిగినచోట అంచును పట్టి చూశాడు. మట్టిలో ఇసుకరేణువులు కనిపించాయి. బీటలివ్వకుండా పాతవాళ్లు కలిపింది అదేనని అర్థమైంది. రంగులకోసం కొండల్లో ఖనిజాలు వెతికాడు. నలుపు మాంగనీసు నుంచి, ఎరుపు ఇనుము ఉన్న రాతి నుంచి వచ్చాయి. సన్నగీత కోసం మనిషి వెంట్రుకలతో కుంచె కట్టాడు. రైల్వే కూలీగా, పొలం పనివాడిగా బతుకు ఈడుస్తూనే ఏళ్ల తరబడి ఈ ప్రయోగాలు సాగించాడు.

అందమైన వైపు అందరమూ చూస్తాం. పనితనం తెలియాలంటే విరిగిన అంచు చూడాలి. మీ రంగంలో ఎవరో అద్భుతంగా పనిచేశారనుకోండి. చప్పట్లు కొట్టండి, తప్పులేదు. ఆ తర్వాత వాళ్ల దగ్గరకు వెళ్లి ఎక్కడ చెడిందో, చెడినప్పుడు ఏం మార్చారో అడగండి. మెచ్చుకోలు వాళ్లకు ఉపయోగం. ఈ ప్రశ్న మీకు ఉపయోగం.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది దీన్ని మెకల్లమ్ కథగా చెబుతారు. ఒక అమెరికన్ వెళ్లి మరుగునపడ్డ కళాకారుణ్ని వెలికితీశాడంటారు. నాకది న్యాయంగా అనిపించదు. ఆయన తలుపు తట్టేనాటికే హువాన్ చేతిలో విద్య ఉంది. అతని కుండలను పాతకాలపువిగా నమ్మించి అమ్ముకున్న వర్తకులు కూడా అప్పటికే ఉన్నారు. మెకల్లమ్‌ను మెచ్చుకోవాల్సింది ఆ తర్వాత చేసిన పనికి. నెలకు 300 డాలర్ల చొప్పున కొన్నేళ్లపాటు హువాన్‌కు డబ్బిచ్చాడు. ఇన్ని కుండలు కావాలని, ఈ నమూనాలే కావాలని ఒత్తిడి పెట్టలేదు. నచ్చినట్టు చెయ్యి, ఇంకా బాగా చెయ్యి అన్నాడంతే. తిండికి వెతుక్కునే పని తప్పాక హువాన్ తన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ నేర్పాడు. ఇరుగుపొరుగు నేర్చుకున్నారు. రైల్వే పని తగ్గి కళతప్పిన ఆ పల్లెలో వందలమంది మట్టిపనిలోకి వచ్చారు. 1999లో మెక్సికో ప్రభుత్వం హువాన్‌ను జాతీయ పురస్కారంతో గౌరవించింది. 2022లో ఆయన కన్నుమూసేనాటికి ఊళ్లో తరతరాల పద్ధతి మళ్లీ స్థిరపడిపోయింది. ఇప్పటి అక్కడి కుమ్మరులు పాకిమే కుండలకు నకళ్లు చెయ్యరు. ఆ పునాది మీద ఎవరి గీత వాళ్లది.

తల్లిదండ్రులు, టీమ్ లీడర్లు ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి. ప్రతిభ ఉన్న మనిషి కనిపిస్తే మన మొదటి ఆలోచన వాళ్లతో ఏం చేయించుకుందామా అని. వాళ్లకు ఏ ఇబ్బంది తీరిస్తే పని ముందుకు సాగుతుందని ఆలోచించి చూడండి. ఫలితం వేరుగా వస్తుంది.

కొనే ముందు చూపు

ఇక మీ సంగతికి వద్దాం. మొదటి కుండ కొనే ముందు మ్యూజియానికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సంగారెడ్డి జిల్లా కొండాపూర్ దగ్గరే. శాతవాహనుల నాటి ఆ ఊరిని తవ్వితే దొరికిన వస్తువులను అక్కడి మ్యూజియంలో పెట్టారు. నాగార్జునకొండ దీవికి లాంచీలో వెళ్లినవాళ్లు శిల్పాలు చూసి తిరిగి రాకుండా పాత్రల దగ్గరా నిలబడండి. పది కుండలు చకచకా చూడొద్దు. ఒకటి ఎంచుకుని, మూతి ఎక్కడ మొదలై పొట్ట ఎక్కడ తిరిగిందో చూస్తూ దాని బొమ్మ గీయండి. బొమ్మ బాగా రానక్కర్లేదు. గీసేటప్పుడే కన్ను పనిచేస్తుంది.

తెలంగాణ, ఆంధ్ర, రాయలసీమల్లోని రాకాసి గుళ్లని పిలిచే పాతకాలపు పెద్దరాళ్ల సమాధుల్లో ఒక రకం పాత్రలు దొరికాయి. లోపలంతా, మూతి దగ్గరా నల్లగా, కింద ఎర్రగా ఉంటాయి. రెండు రంగులు పూసినట్టు అనిపిస్తుంది. ఆ తేడా నిప్పువల్ల వచ్చింది. పాత్రను బోర్లించి కాల్చితే గాలి అందని భాగం నల్లబడుతుంది, గాలి తగిలిన భాగం ఎర్రబడుతుంది. రెండు వేల ఏళ్లకు ముందే మన నేలమీద ఆవంలో గాలిని అదుపు చెయ్యడం తెలిసినవాళ్లున్నారు. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

అమెరికాలో న్యూ మెక్సికోకు చెందిన మరియా మార్టినెజ్ కీర్తి కూడా ఇలాంటి నలుపుతోనే మొదలైంది. శాన్ ఇల్దెఫోన్సో అనే ఆదివాసీ గ్రామంలో ఆమె చేసేది, భర్త జూలియన్ నగిషీ గీసేవాడు. తవ్వకాల్లో దొరికిన పాత పెంకుల్లాంటివి చేసి చూపమని పురావస్తు పరిశోధకులు అడగడంతో వాళ్ల అన్వేషణ మొదలైంది. మండుతున్న మంటను మెత్తటి పేడపొడితో కప్పేసి గాలి ఆపితే కుండ నిగనిగలాడే నలుపు తేలుతుంది. జూలియన్ గీసిన నగిషీ మాత్రం మెరుపు లేకుండా మసకగా నిలుస్తుంది. తెలిసిన కిటుకును ఆమె దాచుకోలేదు, ఊరంతటికీ నేర్పింది. ఇతరుల కుండలు మంచి ధరకు అమ్ముడుపోవాలని వాటిమీద తన సంతకం చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. సేకరణ చేసేవాళ్లకు అది తలనొప్పే. ఆ ఊరివాళ్లకు అది అన్నం పెట్టింది. ఫీనిక్స్‌లోనో డాలస్‌లోనో ఉంటున్న మనవాళ్లు సెలవుల్లో తావోస్ వెళ్తే అక్కడి మిలిసెంట్ రోజర్స్ మ్యూజియంలో ఆమె పాత్రలు చూడొచ్చు. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి.

చేతికి తీసుకున్నాక

కుండను రెండు చేతులతో, పొట్ట కింద పట్టుకుని ఎత్తండి. మూతి పట్టుకుని ఎత్తకండి. కంటికి కనిపించిన సైజుకూ చేతికి తెలిసిన బరువుకూ పొంతన చూడండి. గోడ మందం పైనుంచి కిందికి సమంగా ఉందేమో లోపల వేళ్లతో తడమండి. వేలితో తట్టండి. ఖంగుమంటే బాగా కాలినట్టు. మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. సంతలో నాలుగు కుండలు కొట్టి చూసి ఒకటి చంకనెత్తుకునే మన అమ్మమ్మలు ఈ పరీక్ష ఎప్పటినుంచో చేస్తున్నారు.

తర్వాత బోర్లించండి. సారెమీద చేసి కోసినదైతే అడుగున దారం సుడిగీతలు ఉంటాయి. మాతా ఓర్తీస్ కుండకు అవి ఉండవు, వాళ్లు సారె వాడరు. పలచగా ఒత్తిన మట్టిని గుండ్రటి అచ్చులో పరుస్తారు, అంచున లావుపాటి మట్టిచుట్ట అతికిస్తారు, వేళ్లతో నొక్కుతూ పైకి లాగుతారు. ఆరాక రంపపు బ్లేడుతో గీకి, రాతితో రుద్ది మెరుగు పెడతారు. కట్టెలతోనో ఎండిన పేడతోనో కాలుస్తారు. సంతకం అడుగునే ఉంటుంది. సంతకం లేకపోతే చేసినవాళ్లెవరో, ఏ ఊరో అమ్మేవాళ్లను అడగండి. వాళ్లకు తెలియకపోతే, తెలిసిన ఇంకో చోట కొనండి.

అంత దూరం వెళ్లకుండానే మొదలుపెట్టొచ్చు. మణిపుర్‌లోని లాంగ్‌పీలో తాంగ్‌ఖుల్ నాగాలు ఒక రకం రాతిపొడిని మట్టిలో కలిపి, సారె లేకుండా నల్లటి వంటపాత్రలు చేస్తారు. వేడిమీద ఉండగానే ఆకులతో రుద్ది మెరుపు తెస్తారు. ఉత్తరప్రదేశ్‌లో నిజామాబాద్ అనే ఊరుంది. అక్కడి నల్లకుండలమీద చెక్కిన లతల్లో వెండిరంగు నింపుతారు, చూస్తే మన బిదరీ పని గుర్తొస్తుంది. రాజస్థాన్ మొలేలాలో దేవతల మట్టిపలకలు చేస్తారు. చిత్తూరు జిల్లా పలమనేరు మట్టిబొమ్మలు మనకు తెలిసినవే. భోజనాల బల్లమీద వాడుకునే గట్టి పాత్రలు కావాలంటే పుదుచ్చేరిలో రే మీకర్, డెబోరా స్మిత్ 1971లో స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ప్రభావంతో అక్కడ ఎందరో పనిచేస్తున్నారు.

వాడకం గురించి ఒక హెచ్చరిక. అలంకారానికి చేసిన కుండలో నీళ్లు పోయకండి, తక్కువ వేడిలో కాలిన మట్టి నీటిని పీల్చుకుంటుంది. గాజుపూత ఉన్న పాత్ర తిండికి పనికొస్తుందో లేదో చేసినవాళ్లనే అడగండి. పూతలో సీసం ఉంటే చింతపండు పులుసులాంటి పుల్లటి పదార్థాల్లోకి అది దిగుతుంది. పూతలేని వంటకుండను సబ్బుతో తోమకండి.

ఇంకొకటి. పాతదిబ్బల్లో తిరిగి పెంకులు ఏరుకురావద్దు. హువాన్ కాలం వేరు, ఆ కొండల పరిస్థితి వేరు. ఏ పొరలో దొరికిందన్నదే పెంకు విలువ. ఇంటికి తెచ్చి సీసాలో వేస్తే ఆ చరిత్ర పోయినట్టే. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన మట్టి కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. పాతది మ్యూజియంలో చూడండి. కొత్తది బతికున్న కుమ్మరి దగ్గర కొనండి. పాతదిగా కనిపించేలా మసిపూసి అమ్మేవాళ్ల జోలికి పోకండి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. కొన్న ప్రతి పాత్రకూ ఒక పేజీ. చేసినవాళ్ల పేరు, ఊరు, మట్టి ఎక్కడిది, ఎలా కాల్చారు, ఎంతకు కొన్నారు. పాత్రను మొదటిరోజు చూసినప్పుడు ఏమనిపించిందో రాయండి. నెల తర్వాత చూసి మళ్లీ రాయండి. మొదట కళ్లు జిగేల్మనిపించింది నెలకే విసుగెత్తించవచ్చు. ఒకవైపు కాస్త ఒరిగిందని పక్కన పెట్టినది రోజురోజుకూ దగ్గర కావచ్చు. మీ ఇష్టాలు ఎలా మారుతున్నాయో మీకే తెలిసేది ఆ పేజీల్లో. ఏడాదికి రెండో మూడో చాలు. అరలు నిండిపోయేలా కొనేవాళ్లకు ఏదీ కనిపించదు.

మన ఊరి మనిషి

ఇంత తిరిగాక మన గడప దగ్గరకు రావాలి. మన పెళ్లిళ్లలో ఐరేని కుండలు తేవడానికి మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళ్తాం. సారెకు పసుపు కుంకుమ పెడతాం. చావు దగ్గరా కుండ ఆ ఇంటినుంచే రావాలి. దీపావళి ప్రమిదలు, చలివేంద్రం కుండలు, బోనాల ఘటాలు అన్నీ ఆ చేతులు చేసినవే. మొల్ల రామాయణం మనకిచ్చిన కవయిత్రినీ కుమ్మరి మొల్లగానే తలుచుకుంటాం. అయినా మీ పెళ్లికి ఐరేని కుండలు చేసిన మనిషి ఎవరో చెప్పగలరా? కేటరింగ్ ఆయన ఫోన్ నంబరు ఇంకా దాచి ఉంచుకున్నాం. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. వేల మైళ్ల అవతలి పల్లెలో కుండలు చేసిన మనిషిని ఒకాయన వెతుక్కుంటూ పోయిన కథ చదివి కదిలిపోతాం. నాలుగు వీధుల అవతల సారె ఆగిపోతుంటే మనకు తెలియదు.

కాబట్టి ఒక ఆదివారం వెళ్లండి. పెద్దాయన అయితే తాతా అనండి, మీ ఈడువాడైతే అన్నా అనండి. మట్టి ఏ చెరువుదని అడగండి. ఇప్పుడు ఆ చెరువులో మట్టి దొరుకుతోందా, ఎవరైనా అడ్డుపడుతున్నారా అని అడగండి. ఆవం పేరుస్తుంటే చూడటానికి అనుమతి తీసుకోండి. చూసేటప్పుడు ఫోన్ జేబులో పెట్టుకోండి. బేరం చెయ్యకండి. వంద రూపాయలు తగ్గించి మనం కట్టుకునే మేడలేమీ లేవు, ఆ వంద అక్కడ ఒక పూట కట్టెలకు వస్తుంది.

పరిచయం కుదిరాక కొండాపూర్‌లో మీరు గీసుకున్న బొమ్మ ఆయన ముందు పెట్టండి. రాకాసి గుళ్ల పాత్రల్లా పైన నలుపు, కింద ఎరుపు వచ్చేలా మీ పద్ధతిలో చేసి చూస్తారా అని అడగండి. ఆసక్తి ఉంటే ఆయన కళ్లలోనే తెలుస్తుంది. వానల్లో తొందరపెట్టకండి, పచ్చికుండ ఆరదు. డబ్బు ముందే ఇవ్వండి. మొదటి ఆవంలో అనుకున్న రంగు రాకపోవచ్చు, పాత్ర నెర్రెలివ్వొచ్చు. ఆ పాత్రకూ పూర్తి ధర కట్టండి. ఎక్కడ గాలి దూరిందో ఆయనతో కూర్చుని మాట్లాడండి. తర్వాత ఇంకోసారి చెయ్యమని అడగండి.